ఫొటోలో లేని కరచాలనం

కిందటి వారం కృపాకుమారిని ఫస్ట్ ఎయిడ్ టెంటు గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. షార్జా ఊరవతల ఇసుక మధ్య అద్దెకు తీసుకున్న క్రికెట్ గ్రౌండు అది. అక్కడ దక్షిణాఫ్రికా కథతో ఒక ఇంగ్లీషు సినిమా తీస్తున్నారు. తెల్లవాళ్లు ఒకచోట, నల్లవాళ్లు ఇంకోచోట, మనవాళ్లు మరోచోట బతకాలన్న చట్టాలు పోయిన రోజుల్లో ఒక మ్యాచ్‌లో ఇద్దరు ఆటగాళ్లు చేతులు కలిపారనీ, ఆ ఫొటో పేపర్లో పడిందనీ, దాన్ని చూసి దేశమంతా కళ్లు తుడుచుకుందనీ ఆ కథ. సినిమా చివర్లో నటులు కాకుండా ఆ అసలు మనుషులిద్దరే, ముసలివాళ్లయిపోయినవాళ్లు, మైదానం మధ్యకు నడిచొచ్చి మళ్లీ చేతులు కలపాలి. తెల్లాయన క్లైవ్ మార్లో తయారుగా ఉన్నాడు. రెండో ఆయన అప్పలసామి, డర్బన్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన టెంటులోకి వచ్చి మడతమంచం మీద కూర్చుని, "నాను రాను" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

అక్కడ ఆగాం.

కృపాకుమారి ఆయన బీపీ రెండోసారి చూసింది. రెండోసారీ బాగానే ఉంది. పట్టీ విప్పుతూ ఆయన ముఖంలోకి చూసింది. జబ్బు మనిషి ముఖం కాదది. బస్సు కోసం ఎదురుచూసి చూసి, ఇక నడిచే పోదామా అని ఆలోచిస్తున్న మనిషి ముఖంలా ఉంది.

ఆమెది నరసాపురం దగ్గర పల్లెటూరు. షార్జాలోనే రోలా అనే పేటలో ఒక క్లినిక్‌లో నర్సు. ఈ షూటింగులో ఎవరికైనా కళ్లు తిరిగినా, కాలు బెణికినా చూసుకోవడానికి క్లినిక్ వాళ్లు ఆమెను పంపారు. పంపేముందు ముదీర్, అంటే క్లినిక్ మేనేజరు, గదిలోకి పిలిచి, "వాళ్లు మనకు పెద్ద పార్టీ. ఏం చెప్పమంటే అది చెప్పు" అన్నాడు. ఆమె కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని ఆయన తేల్చే నెల ఇది. ఆమె తల ఊపి వచ్చేసింది.

బయట గాలి లేచింది. టెంటు గుడ్డ లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది. జనరేటరు మోత ఆగకుండా వస్తోంది. మైకులో ఎవరో స్టాండుల్లో జనాన్ని అటు జరగమంటున్నారు, మళ్లీ ఇటు రమ్మంటున్నారు.

తెర తోసుకుని ఫైజా వచ్చింది. మెడలో వాకీటాకీ, నెత్తిన టోపీ, బూట్ల నిండా ఇసుక. అమ్మానాన్నలది హైదరాబాదు, ఆమె పుట్టింది షార్జాలో. ఈ సినిమాకి మొదటి అసిస్టెంట్ డైరెక్టరు. ఇంత పెద్ద పని ఆమె చేతికి రావడం ఇదే మొదలు.

"సిస్టర్, ఏమంటుండు అంకుల్? లేస్తుండా?"

కృపాకుమారి తల అడ్డంగా ఊపింది.

"బీపీ?"

"బాగానే ఉందండి."

"షుగర్?"

"అదీ బాగానే ఉందండి."

"అరే యార్, ఏదో ఒకటి బాగలేకుండ ఉండొద్దా సిస్టర్!" అని ఫైజా నవ్వింది. మరుక్షణం ఆ నవ్వు పోయింది. ఆమె కృపాకుమారి మోచెయ్యి పట్టుకుని మందుల పెట్టె వైపు తీసుకెళ్లింది.

"సునో. లైట్ పోతుంది. ఇంకో గంట ఉంటదేమో, తర్వాత ఖలాస్. రేపటికి గ్రౌండు మనది కాదు. క్లైవ్ సార్ కూడా రేపు పోతుండు. డైరెక్టర్ ఒక మాటన్నడు. పొద్దుగాల ఆ గార్డు చేసిన లొల్లి యాదికుందా?"

గుర్తు లేకపోవడమేం, పొద్దుటినుంచీ అందరూ దాని గురించే చెప్పుకుంటున్నారు. స్టాండుల్లో కూర్చోబెట్టడానికి జనాన్ని తెస్తే గేటు దగ్గర మనిషి మనిషికీ చేతికి రంగు పట్టీ వేస్తారు. దుబాయ్ మెరీనా నుంచి కార్లలో వచ్చిన తెల్లవాళ్లకు నీలం. ఆఫ్రికా వాళ్లకు పసుపు. అల్ కుసైస్ కూలీల క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చిన మనవాళ్లకూ, పాకిస్తాన్, బంగ్లా వాళ్లకూ ఆకుపచ్చ. కెమెరా ముందు మూడు రంగులూ కలిపి కూర్చోబెడతారు. కెమెరా ఆగి భోజనాల వేళైతే ఏ రంగు లైను ఆ రంగుదే. పొద్దున అప్పలసామి గారు కారు గేటు బయటే ఆపించుకుని, కాస్త నడుద్దామని నడిచి వచ్చాడు. గార్డు ఆయన్ని క్యాంపు మనిషనుకుని ఆకుపచ్చ పట్టీ చుట్టి, "యల్లా చాచా, యల్లా" అని తోలేశాడు. ఆయన నోరు మెదపలేదు. మధ్యాహ్నం దాకా స్టాండులో కూర్చున్నాడు, ఆకుపచ్చ లైనులో నిలబడ్డాడు, ఉదయగిరి నుంచి వచ్చి క్యాంపులో టీ కాచే మౌలా సాహెబ్ పక్కన కూర్చుని పప్పన్నం తిన్నాడు. ఊరంతా వెతికినట్టు వెతికి ఫైజా అక్కడికి వచ్చేసరికి, వెనకనుంచి ఇద్దరిలో ఎవరు ఎవరో ఆమెకే తెలియలేదు.

"ఆ మౌలా సాహెబ్‌కి అంకుల్ కోటు వేసి నడిపిస్తం," అంది ఫైజా. "వెనకనుంచే షాట్. ముఖం కనబడేది క్లైవ్ సార్‌ది ఒక్కటే. కానీ ఆయనకి ఏదో ఒకటి చెప్పాలె గద. అంకుల్‌కి ఎండ తగిలింది, నర్సు మంచం దిగొద్దన్నది, అంతే. ఎవరన్న అడిగితే నువ్వు జస్ట్ హా అను."

కృపాకుమారి పలకలేదు. చిన్నప్పుడు ఊరి బడిలో మాస్టారు 'అర్థమైందా' అని అడిగితే పిల్లలెవరూ నోరు తెరిచేవాళ్లు కాదు. పలక్కపోతే అయిందనే లెక్క. ఫైజాకి ఆ బడి తెలియకపోయినా లెక్క మాత్రం అదే వేసుకుంది. "థాంక్యూ సిస్టర్, దేవుడు నిన్ను సల్లగ సూడాలె" అని వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని బయటికి పరిగెత్తింది.

టెంటులో ఇద్దరే మిగిలారు.

అప్పలసామి కుడిచెయ్యి ముందుకు చాపాడు, అరచెయ్యి పైకి పెట్టి. కృపాకుమారి అలవాటుగా వెళ్లి ఆ మణికట్టు పట్టుకుంది, ఎడమచేతి వాచీ చూసుకుంటూ నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "ఏటి సేస్తున్నావు తల్లీ?"

"నాడి చూడమన్నారనుకున్నానండి."

"నాను నీళ్ల సీసా అడిగాను."

ఆమెకు సిగ్గేసింది. గబగబా సీసా మూత తీసి ఇచ్చింది. ఆయన తాగి, మీసం తుడుచుకుని, ఖాళీ చేతిని మళ్లీ అలాగే చాపి దాన్నే చూసుకున్నాడు. ఆయన తెలుగు వింటే, రోలా ఫ్లాట్‌లో ఆమె పక్కమంచం మీద పడుకునే శ్రీకాకుళం నర్సు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ దేశంలో పుట్టి ఈ యాస ఎలా అబ్బిందని ఆమె పొద్దున అడిగితే, మా నాయనమ్మకి ఇంకో భాష రాదు, ఆవిడతో గొడవపడాలంటే నేర్చుకోక తప్పలేదన్నాడు.

"సూసినావా," అన్నాడు ఇప్పుడు. "చెయ్యి ఇలాగ పెడితే ఎవులికి కావలసింది ఆళ్లు సేసీస్తారు. నువ్వు నర్సువి, నాడి చూసావు. ఆ పేపరు ఫొటోగ్రాఫరు ఇంకోటి చూసాడు."

టెంటు తెర సందులోంచి, బయట కట్టిన బ్యానరు కనబడుతోంది. దాని మీద ఆ ఫొటోనే మనిషెత్తున వేశారు. తెల్ల ప్యాంటూ చొక్కాల్లో ఇద్దరు మగవాళ్లు, ఒకరివైపు ఒకరు చేతులు చాపి. కృపాకుమారి దాన్ని వారం రోజులుగా చూస్తోంది. మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. క్లైవ్ చెయ్యి బొటనవేలు పైకి ఉంది, చెయ్యి కలపబోయేవాడి చెయ్యిలాగే. అప్పలసామి అరచెయ్యి ఆకాశం వైపు ఉంది.

"అది కరచాలనం కాదు," అన్నాడాయన. "నాను బంతి అడుగుతున్నాను."

ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చుంది.

"మా తాత ఇజీనారం నుంచి సెరకుతోటల పనికి ఓడెక్కీసాడు. ఆ గ్రౌండు పక్కనే మా పేట. అప్పటికది గ్రౌండు కాదు, వానొస్తే నీళ్లు నిలిచే గుంత. మా నాన్న, పేటలో మగోళ్లూ ఆదివారాలు తట్టల్తో మట్టి మోసి పూడ్చారు. పుట్టమన్ను తెచ్చి పిచ్ కట్టారు. మా అమ్మ దాన్ని పేడతో అలికీది. మ్యాచుంటే ముందురోజు అలికి, ఆరాక చాప పరిచీవోళ్లం. 'నా ఇల్లు అలకడానికి తీరిక లేదు గానీ మీ ఆటకి అలుకుతున్నాను' అని తిట్టీది. తిడతానే అలికీది."

మైకులో జనాన్ని లేచి నిలబడమన్నారు, చప్పట్లు కొట్టమన్నారు. చప్పట్లు మోగాయి. చాలు అన్నారు, ఆగిపోయాయి.

"తరవాత సర్కారు గీత గీసింది. ఈ పేట తెల్లోళ్లది, మీరు పొండి అంది. మమ్మల్ని సామాన్లతోటి లారీలెక్కించి ఊరవతల చాట్స్‌వర్త్ తోలీసారు. మంచాలెక్కించాం, రోలెక్కించాం, కోళ్లెక్కించాం. గ్రౌండు ఎక్కదు గదా. ఒగ్గీసి పోయాం. ఆళ్ల క్లబ్బొచ్చింది. గడ్డేసారు, కంచేసారు, గేటుకి తాళమేసారు. క్లైవ్ ఆ క్లబ్బులోనే పెరిగాడు. కెప్టెనయ్యాడు."

"మరి ఆ మ్యాచండీ?"

"చట్టాలు పోయాయి. తెల్లోళ్లదీ మాదీ, రెండు క్రికెట్ బోర్డులూ ఒకటయ్యాయి. కలిసి ఆడదాం రండి అన్నారు. ఎక్కడ? అక్కడే. నాకప్పటికి మోకాళ్లు పోయాయి తల్లీ, కుర్రోళ్లకి బంతులు అందించీవోణ్ని. అయినా నాను బౌలింగేస్తానన్నాను. మా అమ్మ అలికిన చోట ఒక్కసారి ఎయ్యాలి గదా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నా బంతిని క్లైవ్ అడ్డుకున్నాడు. అది ఆడి కాళ్ల దగ్గర ఆగింది. ఆడు వంగి తీసాడు. నాను దగ్గరికెళ్లి ఇలాగ చెయ్యి పెట్టాను, ఇయ్యి అని. ఆడు బంతిని ఎడమచేత్తో ఎనక్కి పట్టుకుని కుడిచెయ్యి సాపాడు. సాపి ఏటన్నాడో తెలుసా? 'మా గ్రౌండుకి స్వాగతం' అన్నాడు."

కృపాకుమారి చెయ్యి తనకు తెలియకుండానే స్టెతస్కోపు గొట్టాన్ని నలుపుతోంది.

"చెడ్డగా అనలేదు. మంచిగానే అన్నాడు, నవ్వుతా అన్నాడు. అదే నాకు... టక్‌మని ఫొటో తీసీసారు. జనం లేచి చప్పట్లు. నాను చెయ్యి దించీసాను. అంపైరొచ్చి బంతి తీసి నాకిచ్చాడు."

"తర్వాతండీ?"

"తరవాత బంతి ఫోరు కొట్టాడు." ఆయన మళ్లీ నవ్వాడు. "అదీ సినిమాలో లేదు."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా మీరు?"

"ఎవులు అడిగారు? పేపరోళ్లొచ్చి 'మీకెలాగనిపించింది' అన్నారు. 'ఏటి జరిగింది' అని ఒక్కడూ అడగలేదు. మా ఆవిడ దానికి ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టీసింది. మనవరాలు ఇస్కూల్లో దాని మీద ఎస్సే రాసి బహుమతి తెచ్చింది. అప్పుడు రోజులెలాంటివనుకున్నావు? ఇయాళో రేపో ఒకళ్లనొకళ్లు నరుక్కుంటారని అందరూ తలుపులేసుకున్న రోజులు. ఆ ఫొటో చూసి కాస్త నిద్రపోయారు జనం. నాను లేచి, అది అబద్ధమర్రా అని అరవడమెందుకనుకున్నాను." ఆయన సీసా మూత బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. "ఈళ్లు సినిమాకి పిలిస్తే సంబరపడ్డాను. ఇద్దర్నీ వేరే వేరే హోటళ్లలో పెట్టారు. కెమెరా ముందే ఒకళ్లనొకళ్లు చూసుకోవాలంట. బావుంది, అక్కడే అడుగుతాననుకున్నాను. నిన్న సెప్పారు, మాటలుండవంట. మ్యూజిక్ ఉంటాదంట."

తెర అవతల ఎవరో దగ్గారు. "రావచ్చా అమ్మా సిస్టరూ?"

మౌలా సాహెబ్ తల లోపలికి పెట్టాడు. ఆయన చేతిలో హేంగరుకి వేలాడుతున్న నీలం కోటు, జేబు మీద క్లబ్బు గుర్తు కుట్టి ఉంది. ఎవరో అప్పటికే ఆయన గడ్డం కత్తిరించారు, ముఖానికి పౌడరు రాశారు. తన ముఖం తనకే కొత్తగా ఉన్నట్టు చేత్తో తడుముకుంటున్నాడు.

"ఎట్టుండావన్నా? ఒంట్లో నలతంట గదా."

"నాకేటీ అవలేదు సాయిబూ."

"అవలేదా? మరి ఈ సిస్టరే అట్ట చెప్పిందన్నారే." మౌలా సాహెబ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కోటు చూపించాడు. "ఈళ్లు నన్ను ఇది ఏసుకోమంటన్నారన్నా. బతికుండే మనిషి కోటు అడక్కుండా ఎట్టా ఏసుకునేది? మా ఇళ్లల్లో అట్ట ఏసుకోం. అందుకని అడిగిపోదామని వస్తి."

అప్పలసామి ఆయన్ని కింద నుంచి పైకి చూశాడు. "ఏసుకో. నాకంటే నీకే బాగుంటాది. నాకు పొట్ట దగ్గర పట్టీస్తంది."

"మధ్యానం రెండోసారి పప్పు పోయించుకుంటివి గదా, పట్టక ఏం జేస్తది," అన్నాడు మౌలా సాహెబ్, కోటు తొడుక్కుంటూ. కోటు చేతులు రెండు వేళ్ల మేర పొడుగయ్యాయి. వాటిని మడవబోయి, మడిస్తే కెమెరాలో పడుతుందేమోనని మానేశాడు. బయటికి పోబోయి ఆగాడు. "అన్నా, ఒక మాట. నేను ఆ దొరకి చెయ్యి ఇస్తే నీకేమన్నా ఇబ్బందా?"

అప్పలసామి కోటు జేబు మీద క్లబ్బు గుర్తు చూశాడు.

"నీ చెయ్యి నీది సాయిబూ," అన్నాడు. "నాది కాదని మాత్రం గుర్తెట్టుకో."

మౌలా సాహెబ్ తల ఊపాడు. అర్థమైనట్టు ఊపాడో, మర్యాదకి ఊపాడో తెలియలేదు. ఆయన వెళుతుంటే ఫైజా ఎదురుగా లోపలికి వచ్చింది.

"సూపర్! కోటు ఫిట్ అయింది," అంది. తర్వాత అప్పలసామి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అంకుల్, మీరు రెస్ట్ తీసుకోండి. టెన్షన్ ఏం లేదు. మీకు ఎండ తగిలిందని చెప్పినం, అందరు సమఝ్ చేసుకుంటరు. మీ ఇజ్జత్ ఎక్కడ పోదు."

"సెప్పొద్దు," అన్నాడాయన.

"క్యా?"

"నాకు జబ్బని సెప్పొద్దు. నాకిష్టం లేదని సెప్పు. ఇంకేటైనా సేసుకోండి. నా బదులు ఆయన్ని నడిపించుకోండి, గాడిదకి కోటేసి నడిపించుకోండి. నా ఒంటి మీద మాత్రం ఎయ్యొద్దు."

ఫైజా ముఖం ఎర్రబడింది. "అంకుల్, ఒక మాట అడుగుత, బురా మత్ మాన్నా. ఆ ఫొటోతోని ఎవరికి నష్టమైంది? నేను ఈడనే పుట్టిన, ఈడనే చదువుకున్న. ఇది నా ఊరు అనాలంటే నా దగ్గర కాగితం లేదు. నాన్న నౌకరి పోతే మాది ఏ ఊరో నాకు తెల్వదు. ఇసొంటి సినిమా చూస్తే, అన్ని రంగులోళ్లు ఒక్కటే స్టాండుల లేచి నిలబడి ఏడుస్తుంటే, నాకు ఎట్లుంటదో తెలుసా? అసొంటిది ఒక్కటన్న నా చేతులతోని తీద్దామని వచ్చిన. అది అబద్ధమని నాకెందుకు చెప్తరు?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నటన కాదని కృపాకుమారికి తెలుసు. అప్పలసామికీ తెలిసినట్టుంది. ఆయన గొంతు తగ్గించాడు.

"నీ స్టాండు బాగుంది బంగారూ. పొద్దున్న అందులో నానూ కూసున్నాను. ఎనక ఒక ఉగాండా కుర్రోడు, పక్కన రష్యా పిల్ల. నాకూ బాగనిపించింది. తరవాత నువ్వే భోజనాలకి లేపి మూడు లైన్లు కట్టించావు."

"అది కేటరింగ్ వాళ్లది..."

"మా దగ్గర కూడా అది ఎవులిదో ఒకళ్లదే ఉండీది. మున్సిపాలిటీదో, రైల్వేదో. నానే సేసానన్నోడు నాకు ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదు."

ఫైజా లేచింది. మోకాళ్ల ఇసుక దులుపుకోలేదు. వాకీటాకీలో డైరెక్టరు గొంతు ఆమెను పేరు పెట్టి పిలుస్తోంది, ఎక్కడున్నావంటోంది. ఆమె కృపాకుమారి వైపు తిరిగింది. "సిస్టర్, నీకు ఇందాక చెప్పిన గద. అంతే. ప్లీజ్."

ఆమె వెళ్లిందో లేదో కృపాకుమారి ఫోన్ మోగింది. ముదీర్.

"కృపా, ప్రొడక్షన్ సే ఫోన్ ఆయా థా. ఏదో పెద్దాయనకి ఎండదెబ్బంట. నువ్వు చూసుకుంటున్నావు కదా?"

"సార్, ఆయన..."

"గుడ్, గుడ్. వాళ్లు నీ గురించి బాగా చెప్పారు. నీ విషయం ఆదివారం మాట్లాడదాం." ఫోన్ పెట్టేశాడు.

ఆమె ఫోన్ వైపు చూస్తూ నిలబడింది. నోట్లో మాట నోట్లోనే ఉంది. ఇందాకటినుంచీ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఎవరూ ఆడమని బలవంతం కూడా చెయ్యలేదు. అయినా ఆమె పలక్కుండా ఊరుకున్నంతసేపట్లో ఆ ఎండదెబ్బ డైరెక్టరు దాకా పోయింది, క్లైవ్ దాకా పోయింది, రోలాలో ముదీర్ దాకా పోయి తిరిగి ఆమె చెవికే వచ్చింది. ఆమె వెనక మంచం మీద అప్పలసామి ఏమీ అనలేదు. చెప్పమనలేదు, వద్దనలేదు. అది ఇంకా బరువుగా ఉంది.

"టెంటు తెర కాస్త తియ్యి తల్లీ," అన్నాడు. "నాను ఎలాగ నడుస్తానో చూద్దాం."

ఆమె జిప్పు సగం దాకా లాగి తెర పక్కకి పెట్టింది.

ఎండ పచ్చబడి, మైదానం మీద నీడలు బారుగా పడ్డాయి. స్టాండుల్లో జనం మూడు రంగుల పట్టీలూ చొక్కా చేతుల కింద దాచుకుని కలిసి నిలబడ్డారు. ఒకవైపు నుంచి నీలం కోటులో మౌలా సాహెబ్ బయల్దేరాడు. మొదట్లో తడబడినా నాలుగడుగులు వేశాక నిదానించాడు. ఆయన నడక నిజంగానే అప్పలసామి నడకలా ఉంది, మోకాళ్లు పోయినవాళ్లందరి నడకలాగా. రెండోవైపు నుంచి క్లైవ్ వస్తున్నాడు, పొడుగ్గా, కాస్త వంగి, చేతిలో తెల్ల టోపీ. జనం చప్పట్లు మొదలుపెట్టారు. ఈసారి మైకు చెప్పకముందే మొదలుపెట్టారు.

ఇద్దరూ పిచ్ దగ్గరకు చేరారు. మౌలా సాహెబ్ కుడిచెయ్యి ముందుకు పెట్టాడు, నిండుగా, పెళ్లిలో బంధువుకి ఇచ్చినట్టు.

క్లైవ్ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

చప్పట్లు కొంచెంసేపు సాగి, అక్కడక్కడా ఆగి, పూర్తిగా ఆగిపోయాయి. మౌలా సాహెబ్ చెయ్యి గాలిలో అలాగే ఉంది. క్లైవ్ ఆయనతో ఏదో అన్నాడు, భుజం మీద తట్టాడు. అటు తర్వాత పిచ్ దాటి, తాడు దాటి, నేరుగా టెంటు వైపు నడవడం మొదలుపెట్టాడు. డైరెక్టరు అరుస్తున్నాడు. ఫైజా పరిగెత్తుతోంది. భుజం మీద కెమెరా ఉన్న కుర్రవాడు ఏం చెయ్యాలో తోచక క్లైవ్ వెంటే వస్తున్నాడు.

"వచ్చీస్తున్నాడా?" అన్నాడు అప్పలసామి. కాళ్లు చెప్పుల కోసం వెతుక్కున్నాయి.

క్లైవ్ తెర దగ్గర ఆగాడు. లోపలికి రాలేదు. దగ్గరనుంచి చూస్తే బ్యానరు మీద మనిషి కాదు. మెడ చర్మం వేలాడుతోంది, కళ్ల కింద సంచులు. చొక్కా కాలరుకి పొద్దున ఇంటర్వ్యూ కోసం గుచ్చిన చిన్న మైకు ఇంకా అలాగే ఉంది. మంచం వైపు ఒక్కసారి చూసి, వెంటనే కృపాకుమారి వైపు చూపు తిప్పుకున్నాడు, ముందు ఆమెనే అడగడం న్యాయమన్నట్టు.

"సిస్టర్," అన్నాడు ఇంగ్లీషులో. "ఆయనకి ఎండదెబ్బ తగిలిందని చెప్పారు నాకు. ఇంత చల్లటి జనవరిలో. మీరే మంచం దిగొద్దన్నారట. నిజమేనా?"

వెనక ఫైజా వచ్చి ఆగింది, ఆయాసపడుతూ. ఆమె కళ్లు కృపాకుమారిని బతిమాలుతున్నాయి. ఒక్క తల ఊపు చాలు. అసలు ఏమీ అనకపోయినా చాలు.

"లేదండి," అంది కృపాకుమారి.

ఇంగ్లీషులో చెప్పానా, తెలుగులో చెప్పానా అని ఆమెకే అనుమానం వచ్చి, మళ్లీ ఇంగ్లీషులో ఒక్కొక్క మాటే ఏరుకుని చెప్పింది. "ఆయన ఒంట్లో బాగానే ఉంది సార్. నేను చూశాను. నేను ఏమీ వద్దనలేదు. ఆయనకి రావడం ఇష్టం లేదు."

ఫైజా కళ్లు మూసుకుంది. ఆదివారం ముదీర్ గదిలో ఏం జరుగుతుందో కృపాకుమారికి ఆ క్షణంలోనే కనబడింది. భయమేసింది. అయినా క్లైవ్ మీంచి చూపు తిప్పుకోలేదు.

క్లైవ్ తల పంకించాడు. ఆశ్చర్యపోలేదు. తెర ఇవతలకి వచ్చి, నీళ్ల సీసాల పెట్టె ఒకటి లాక్కుని దాని మీద కూర్చున్నాడు. ఇద్దరు ముసలివాళ్ల మోకాళ్ల మధ్య జానెడు ఎడం. చేతులు ఎవరివి వాళ్ల ఒళ్లోనే ఉన్నాయి.

అప్పుడు కృపాకుమారి చూసింది. గుమ్మంలో ఆ కుర్రవాడు భుజం మీది కెమెరా దించలేదు. దాని ముందు చిన్న ఎర్రదీపం వెలుగుతోంది, అంటే ఇంకా తీస్తూనే ఉన్నాడు. ఆమె గబుక్కున వెళ్లి తెర జిప్పు పట్టుకుని కిందికి లాగబోయింది.

"ఎయ్యొద్దు తల్లీ," అన్నాడు అప్పలసామి వెనకనుంచి. "తెరిచే ఉంచు."

ఆమె చెయ్యి ఆగింది. అప్పలసామి ఇంగ్లీషులోకి మారాడు. ఆ భాషలో ఆయన గొంతు ఇంకొకరి గొంతులా, పదునుగా ఉంది.

"క్లైవ్. ఆ రోజు నువ్వు నాకు స్వాగతం చెప్పావు. ఎవరి గ్రౌండుకి?"

క్లైవ్ నోరు తెరిచాడు. ఎర్రదీపం వైపు చూశాడు. ఆయన చెయ్యి మెల్లగా పైకి లేచి, చొక్కా కాలరుకి గుచ్చిన చిన్న మైకుని పట్టుకుంది. పీకేయడానికో, నోటికి దగ్గరగా జరుపుకోవడానికో కృపాకుమారికి తెలియలేదు.